అగ్నిశిలలలో ఆక్సిజన్ సాక్ష్యం: టేలర్ వ్యాసంపై ఒక విమర్శ

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే రహదారికి ఇరువైపుల కనబడేది నల్లరేగడి. దాని క్రింద ఉన్నది పలకబారిన మెత్తని షేలురాయి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూనది పారే లోయ. ఈ ప్రాంతపు శిలలను విలియం కింగ్ పరిశీలించి వ్రాసిన గ్రంథాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1872లో ప్రచురించింది. కడప, కర్నూలు శ్రేణులు అన్న పేర్లు అందులోనివే. కర్నూలు శ్రేణిలో అన్నిటికంటె పైనున్న పొరకు నంద్యాల పేరు నిలిచింది. బేతంచెర్ల నాపరాయి కూడ ఆ శ్రేణిలోనిదే. ఇవన్నీ నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినవి. అగ్నిశిలను చూడాలంటే నంద్యాల విద్యార్థి లోయ విడిచి కొండలలోకి పోవలసి ఉంటుంది.

ఆళ్లగడ్డ శిల్పకళకు ప్రసిద్ధి చెందినది. శిల్పశాస్త్రంలో శిలలను అవి పలికే నాదాన్ని బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించారు. రాయిని పగులగొట్టకుండానే దాని లోపలి గుణాన్ని తెలుసుకొనే ప్రయత్నం అది. ఇరవయ్యవ శతాబ్దిలో భూరసాయన శాస్త్రజ్ఞులు శిల నుండి మరొక నాదాన్ని వినడం నేర్చుకొన్నారు. అది ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి. ఈ విద్యకు మూలస్తంభంగా భావించబడుతున్న రచన, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హ్యూ టేలర్ 1968లో ప్రకటించిన 71 పుటల వ్యాసం. దాని పేరు ‘అగ్నిశిలల ఆక్సిజన్ ఐసోటోపు భూరసాయనం’. అది వెలువడి అర్ధశతాబ్ది దాటింది. అందులోని సూత్రాలను కడప బేసిన్ శిలల ఎదుట నిలబెట్టి చూస్తే ఏవి నిలుస్తాయి, ఏవి తడబడతాయి అన్నది ఇక్కడ పరిశీలించదగిన విషయం.

వ్యాసానికి పునాది

శిల అనగానే సిలికాన్, ఇనుము, సున్నము గుర్తుకు వస్తాయి. నిజానికి భూపటలం బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజనే. అనగా ఆక్సిజన్ను పరీక్షించడమంటే శిలలో ఎక్కడో నలుసంత ఉన్న పదార్థాన్ని వెదకడం కాదు. శిల దేహాన్నే పరీక్షించడం.

ఆక్సిజన్ పరమాణువులు మూడు విధాలు. వాటి ద్రవ్యరాశి సంఖ్యలు 16, 17, 18. నూటికి 99.76 వంతులు మొదటి రకం; సుమారు 0.20 వంతు 18 రకం. 17 రకం అతి స్వల్పం. బరువైన రెండు రకాలను జియాక్, జాన్స్టన్ అనే వారు 1929లో కనుగొన్నారు. రసాయన గుణంలో మూడూ ఒకటే అయినా, బరువు తేడా వలన బంధాల బలంలో సూక్ష్మమైన భేదం వస్తుంది. 18 రకం ఏర్పరచే బంధం కొంచెం గట్టిది. అందుచేత గట్టి బంధాలు గల ఖనిజంలో అది కాస్త ఎక్కువగా చేరుతుంది. ఈ పంపకం ఉష్ణోగ్రతను బట్టి ఎలా మారుతుందో హెరాల్డ్ యూరీ 1947లో గణించి చూపాడు.

భేదం చాల చిన్నది గనుక దానిని ఒక ప్రమాణంతో పోల్చి, వెయ్యింటికి ఇన్ని వంతులు అని చెబుతారు. దీనికే డెల్టా సంఖ్య అని పేరు. సముద్రజలపు సగటును హార్మన్ క్రెయిగ్ 1961లో ప్రమాణంగా నిర్ణయించాడు. ఆ నీటికి డెల్టా సున్న. అంకెలలో చెప్పాలంటే, సముద్రజలంలో 16 రకం పరమాణువులు పది లక్షలుంటే 18 రకం సుమారు 2005 ఉంటాయి. సముద్రపు అడుగున పుట్టిన బసాల్టులో డెల్టా 5.7, అంటే అదే లెక్కకు 2017 పరమాణువులు. డెల్టా 22 ఉన్న సున్నపురాయిలో 2049. డెల్టా మైనస్ 10 ఉన్న వర్షపునీటిలో 1985. ఇంత చిన్న తేడాలను గుర్తించడానికి శిలాచూర్ణాన్ని బ్రోమిన్ పెంటాఫ్లోరైడుతో వేడిచేసి ఆక్సిజన్ను విడదీసే పద్ధతిని క్లేటన్, మయేడాలు 1963లో వివరించారు. విడివడిన వాయువును కర్బనంతో కలిపి కార్బన్ డయాక్సైడుగా మార్చి ద్రవ్యరాశి వర్ణమాపకంలో కొలుస్తారు.

వ్యాసపు గొప్పతనం

భూమి లోతులలోని మాంటిల్ నుండి నేరుగా వచ్చిన కరుగు డెల్టా సంఖ్య 5.5 ప్రాంతంలో ఉంటుంది. గ్రానైటులలో ఎక్కువ భాగం 6కు, 10కి మధ్య ఉంటాయి. 10కి మించితే, ఒకప్పుడు నేలపైన నీటితో చల్లగా మార్పు చెందిన మట్టి, ఇసుక వంటి పదార్థం కరిగి అందులో చేరి ఉండాలి. 6కు తగ్గితే, వేడిగా ఉన్న శిలలోకి వర్షపునీరు చొరబడి ఉండాలి. ఈ మూడు వాక్యాలు నేడు ప్రతి భూవిజ్ఞాన గ్రంథంలోను కనబడతాయి. కాని టేలర్ పరిశోధనలోని సారం ఇవి కావు.

అసలు సారం ఖనిజాల వరుస. సమతాస్థితిలో ఉన్న శిలలో క్వార్ట్జుకు డెల్టా అన్నిటికంటె ఎక్కువ. తరువాత ఫెల్స్పార్, ఆపైన పైరాక్సీను, నల్ల అభ్రకం, చివర మాగ్నటైటు. క్వార్ట్జులో ఉన్నవన్నీ సిలికాన్–ఆక్సిజన్ బంధాలే, అవి గట్టివి. మాగ్నటైటులో ఉన్నవి ఇనుముతో బంధాలు. అవి అంత గట్టివి కావు. కొలిమి వేడిలో ఈ ఇష్టాయిష్టాలు మందగిస్తాయి. చల్లబడుతున్న కొద్దీ స్పష్టమవుతాయి. కనుక రెండు ఖనిజాల మధ్య తేడాను బట్టి ఉష్ణోగ్రతను లెక్కకట్టవచ్చు.

దీని విలువ ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక గ్రానైటులో క్వార్ట్జు 10, ఫెల్స్పార్ 9, నల్ల అభ్రకం 6, మాగ్నటైటు 3 అని తేలితే వరుస సక్రమంగా ఉన్నది. ఆ శిల పుట్టినప్పటి మాటను నిలుపుకొన్నది. మరొక గ్రానైటులో క్వార్ట్జు 8.5 ఉండి ఫెల్స్పార్ 2 మాత్రమే ఉంటే ఆ రెండూ ఒక్కసారి పుట్టిన స్థితిలో లేవు. క్వార్ట్జు త్వరగా మారదు; ఫెల్స్పార్ వేడినీటితో ఆక్సిజన్ను సులభంగా మార్చుకొంటుంది. కనుక శిల గట్టిపడిన తరువాత నీరు వచ్చి పోయినదని గ్రహించవచ్చు. ఇలాంటి చోట్ల ఫెల్స్పార్ తరచు మసకబారి ఎర్రబడి ఉంటుందన్న గుర్తు కూడ టేలర్ రచనలలో ఉన్నది. ఒక్క సాక్షి మాట వినక, నలుగురు సాక్షులను ఎదురెదురుగా నిలబెట్టి ప్రశ్నించడమే ఈ పద్ధతిలోని నిజాయితీ.

రెండవ గొప్పతనం, తన మాటను తానే దిద్దుకోగల ధైర్యం. గ్రీన్లండు తూర్పు తీరంలోని స్కేర్గార్డ్ శిలాసముదాయంలో పై పొరలకు పోయిన కొద్దీ డెల్టా తగ్గుతున్నదని టేలర్, ఎప్స్టీన్ 1963లో ప్రకటించారు. కరుగు నుండి స్ఫటికాలు వరుసగా వేరుపడడమే దానికి కారణమని వారు అప్పుడు భావించారు. తరువాత పరీక్షలు పెరిగాయి. 1979లో టేలర్, ఫారెస్టర్ కలిసి ప్రకటించిన వ్యాసంలో, ఆ తగ్గుదలలో అధికభాగం శిల గట్టిపడిన తరువాత పగుళ్ళలో తిరిగిన వర్షపునీటి పని అని నిరూపించారు. ప్లాజియోక్లేజు ఫెల్స్పార్ మారినచోటకూడ పైరాక్సీను తన పాత విలువను చాలవరకు కాపాడుకోవడం వారికి లభించిన కీలక సాక్ష్యం. పదహారేళ్ళ తరువాత తన సిద్ధాంతాన్ని తన కొలతలతోనే తోసిపుచ్చిన శాస్త్రజ్ఞుని ఉదాహరణ విద్యార్థులకు చెప్పదగినది.

వ్యాసం తడబడే చోట్లు

మొదటి లోపం, ఒకే సంఖ్యకు పలు చరిత్రలు పొసగడం. డెల్టా 5.5 ఉన్న కరుగులో డెల్టా 15 ఉన్న అవక్షేప శిల పదోవంతు కరిగితే సగటు 6.45 అవుతుంది. డెల్టా 10.25 ఉన్న శిల ఐదోవంతు కరిగినా సగటు 6.45 అవుతుంది. శిలలన్నిటిలో ఆక్సిజన్ పాలు ఇంచుమించు సమానం గనుక ఈ లెక్క దాదాపు సరియైనదే. కాని 6.45 అన్న అంకెను మాత్రమే చూసి, ఏది ఎంత కరిగిందో చెప్పడం సాధ్యం కాదు. స్ట్రాంషియం వంటి ఇతర మూలకాల ఐసోటోపులు తోడైతేనే తీర్పు కుదురుతుంది. ఆక్సిజన్ సంఖ్య ఒక్కదానితో శిల జాతకం చెప్పే వారు ఈ హెచ్చరికను మరువరాదు.

రెండవ లోపం ఇంకా ముఖ్యమైనది, దక్షిణ భారతానికి సన్నిహితమైనది. వర్షపునీరు శిలలో ప్రవేశిస్తే డెల్టా తగ్గుతుందన్న సూత్రానికి ప్రసిద్ధమైన ఉదాహరణలు స్కాట్లండు, గ్రీన్లండు, అమెరికా పడమటి పర్వతాల నుండి వచ్చాయి. చలిదేశాల వర్షంలో, మంచులో 18 రకం బాగా తక్కువ. ఉష్ణమండలంలో సముద్రానికి చేరువగా కురిసే వర్షపు డెల్టా సున్నకు కొద్దిగా మాత్రమే దిగువ. అది మైనస్ 3 అనుకొన్నట్లయితే, ఫెల్స్పార్ తన చుట్టూ ఉన్న నీటికంటె 8.5 ఎక్కువగా తీసుకొనే ఉష్ణోగ్రతలో మార్పిడి జరిగినప్పుడు దాని సంఖ్య చివరకు 5.5 అవుతుంది. మొదట ఉన్నదీ 5.5, చివర ఉన్నదీ 5.5! నీరు వచ్చి, ఖనిజాన్ని మార్చి, పోయింది. సంఖ్య మాత్రం ఏమీ జరగనట్లే ఉన్నది. అంతకంటె వేడిలో జరిగితే సంఖ్య తగ్గును. చల్లనిచోట జరిగితే పెరుగును. కనుక తగ్గుదల కనబడితే నీరు వచ్చినదనడం న్యాయమే గాని, తగ్గుదల లేదు గనుక నీరు రాలేదనడం న్యాయం కాదు. పైగా ప్రాచీన శిలల విషయంలో, ఆనాడు ఆ భూభాగం ఏ అక్షాంశంలో ఉన్నదో కూడ ఆలోచించవలసి వస్తుంది. టేలర్ తరువాతి రచనలలో హైడ్రోజన్ ఐసోటోపులను కూడ కలిపి చూడడం ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది.

మూడవది, ఆనాటి పనిముట్టు పరిమితి. పరీక్షకు కొన్ని మిల్లీగ్రాముల చూర్ణం కావలసి వచ్చేది. అందులో ఎన్నో రేణువుల సగటు మాత్రమే తెలుస్తుంది. ఒక రేణువు నడిబొడ్డుకు, అంచుకు ఉన్న భేదం తెలియదు. ఇది వ్యాసకర్త తప్పు కాదు. లేసరుతోను, అయాన్ పుంజంతోను పరీక్షించే పద్ధతులు వచ్చిన తరువాత ఈ అడ్డు తొలగింది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాను రేణువులలో, 440 కోట్ల సంవత్సరాల నాటి రేణువుతో సహా, డెల్టా మాంటిల్ విలువకు మించి ఉన్నదని 2001లో రెండు బృందాలు ప్రకటించాయి. భూమి పుట్టిన కొద్దికాలానికే నేలపై నీరు ఉన్నదనడానికి అది ఆధారమైంది. 1968 నాటి సూత్రమే, నవీన పరికరం చేతికి రాగానే, అంత దూరం చూపగలిగింది.

కడప బేసిన్ ముందు పరీక్ష

నంద్యాల నుండి గిద్దలూరుకు పోయే రైలుమార్గంలో, నల్లమల నడుమ, చెలమ అనే చిన్న స్టేషను ఉన్నది. ఆ పరిసరాలలో పూర్వపు అవక్షేప శిలలను చీల్చుకొని పైకి వచ్చిన సన్నని అగ్నిశిలా భిత్తులు కొన్ని ఉన్నాయి. వాటిలోని ఫ్లోగోపైటు అభ్రకాన్ని ఆర్గాన్ పద్ధతిలో పరీక్షించి, వయస్సు సుమారు 142 కోట్ల సంవత్సరాలని 1999లో ప్రకటించారు. ఈ శిలను శాస్త్రజ్ఞులు వేర్వేరు కాలాలలో మినెట్టు అని, కింబర్లైటు అని, లాంప్రోయిటు అని పిలిచారు. నేడు లాంప్రోయిటు అన్న పేరు ఎక్కువగా వాడుకలో ఉన్నది.

పేరులో ఏమున్నది అనుకొనరాదు. బనగానపల్లె ప్రాంతంలో వజ్రాలను త్రవ్వినది గులకరాతి పొరలలో. అవి అక్కడ పుట్టినవి కావు. నీరు ఎక్కడినుండో మోసుకొని వచ్చినవి. వజ్రాన్ని లోతుల నుండి పైకి తెచ్చేవి కింబర్లైటు, లాంప్రోయిటు శిలలు. అందుచేత ఒక భిత్తికి ఏ పేరు పెడతారన్నదాన్ని బట్టి అక్కడ వజ్రాల అన్వేషణ సాగాలా వద్దా అన్న నిర్ణయం మారుతుంది. పేరు తప్పయితే శ్రమ, ధనం రెండూ వృథా.

చెలమ శిలలో కార్బొనేటు ఖనిజం విశేషంగా ఉన్నది. అది కరుగుతో పాటు వచ్చినదా, తరువాత చేరినదా అన్నది నామకరణానికి కీలకం. టేలర్ పద్ధతి ఇక్కడ ఏమి చెప్పగలదు? కరుగు నుండి నేరుగా పుట్టిన కార్బొనేటు డెల్టా 6 నుండి 9 వరకు ఉంటుందని టేలర్, ఫ్రెచెన్, డెజెన్స్ 1967లో జర్మనీ శిలలను బట్టి చూపారు. ప్రాచీన సముద్రపు సున్నపురాయి డెల్టా సాధారణంగా 20 ప్రాంతంలోనో, ఆ పైననో ఉంటుంది. కనుక 7 అని వస్తే కరుగులోనిదనవచ్చు. 20 వస్తే? అది సున్నపురాయి నుండి చేరినదని వెంటనే తీర్పు చెప్పడం తొందరపాటు. కరుగులోనిదే అయినా, తరువాత చల్లని నీటితో మార్పిడి జరిగితే సంఖ్య పైకి పోతుంది. ఇక 13 వంటి నడిమి సంఖ్యకు మిశ్రమమూ కారణం కావచ్చు, మార్పిడీ కారణం కావచ్చు. కర్బనపు ఐసోటోపులను, అదే శిలలోని అభ్రకపు డెల్టాను ప్రక్కన పెట్టి చూడనిదే ప్రశ్న తెగదు. వ్యాసంలోని ఖనిజాల వరుస అన్న సూత్రం ఇక్కడ నిలుస్తుంది. మూడు గదుల వర్గీకరణ మాత్రం చాలదు.

రెండవ సాక్ష్యం కడప జిల్లా పులివెందులది. అక్కడి డోలరైటు సిల్లు వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరాలని 2008లో ప్రకటించారు. వేంపల్లె డోలొమైటు పొరలలోకి ఆ కరుగు చొరబడిన హద్దు వెంబడి సర్పెంటీను, ఆస్బెస్టాస్ ఏర్పడ్డాయి. ఈ రెండింటి అణునిర్మాణంలోను హైడ్రాక్సిల్ ఉన్నది. నీరు లేనిదే అవి పుట్టవు. అంటే నిప్పు, నీరు అక్కడ కలిసి పనిచేసినవన్నది కంటితోనే తెలుస్తున్నది. ఆ నీరు కరుగులోనిదా, పొరలలో నిలిచిన సముద్రపు నీరా, పైనుండి ఇంకిన వాననీరా అన్న ప్రశ్నకు ఆక్సిజన్ కావాలి. కాని పైన చెప్పిన రెండవ లోపాన్ని మనసులో ఉంచుకొనే ఆ సంఖ్యను చదవాలి. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం గనుక విద్యార్థుల చేత దానిని సేకరింపజేయరాదు.

తరగతిలో ఈ చర్చకు స్థానం

అగ్నిశిలలు నిప్పునుండి పుట్టినవి, అవక్షేప శిలలు నీటినుండి పుట్టినవి అన్న వాక్యంతో పాఠం మొదలవుతుంది. చాలచోట్ల ముగుస్తుంది కూడ. మొదలుగా అది మంచిదే. ముగింపుగా అది అసత్యం. గ్రానైటులో ఒకనాటి బురద కరిగి ఉండవచ్చు. బసాల్టులో వాన ఇంకి ఉండవచ్చు. శిల ఏ గదికి చెందినదన్న ప్రశ్నకంటె, ఎప్పుడెప్పుడు ఏమేమి దానిని తాకినవన్న ప్రశ్న గొప్పది.

ఇందుకు వర్ణమాపకం అవసరం లేదు. నాపరాతి ముక్కమీద పలచని ఆమ్లపు చుక్క వేసి పొంగు చూపవచ్చు. అలాంటి కార్బొనేటే చెలమ అగ్నిశిలలోనూ ఉన్నదని చెప్పి, అది అక్కడికి ఎట్లు వచ్చిందో ఊహించమనవచ్చు. 6.45 లెక్కను రెండు విధాల చేయించి, ఒకే జవాబుకు రెండు ప్రశ్నలుండవచ్చునని తెలియజేయవచ్చు. ఎనిమిదవ తరగతి సగటుల గణితం దీనికి సరిపోతుంది. గ్రానైటు ముక్కలో ఫెల్స్పార్ తెల్లగా మెరుస్తున్నదా, మసకగా ఎర్రబారినదా అని చూడమనవచ్చు.

మొత్తంమీద టేలర్ వ్యాసం కాలపరీక్షకు నిలిచినదనే చెప్పాలి. అయితే అది నిలిచినది తరువాతివారు కంఠస్థం చేసిన 6, 10 అన్న హద్దుల వలన కాదు. ఒకే శిలలోని ఖనిజాలను ఒకదానితో ఒకటి పోల్చి, పొసగనప్పుడు ఆ పొసగకపోవడానికే అర్థం వెదకిన పద్ధతి వలన నిలిచింది. హద్దులు చలిదేశపు వానకు చక్కగా పనిచేసి, ఉష్ణదేశపు వానకు మందగిస్తాయి. పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుంది. నాదం విని రాయిని ఎంచే శిల్పి కూడ ఒక్క దెబ్బతో తీర్పు చెప్పడు. నాలుగు చోట్ల తట్టి చూస్తాడు. నంద్యాల లోయ అంచుల అగ్నిశిలలను చదవబోయే విద్యార్థికి ఈ వ్యాసం నుండి గ్రహించవలసిన పాఠం అదే.